పుట్నాల భట్టిలో సిలికా జెల్

మొన్న భోజనాల దగ్గర మా తమ్ముడి మనవడు అన్నం కలుపుతూ కలుపుతూ, ఎడమచేత్తో ఫోను తీసి చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ప్రేమ వ్యవహారమేమోనని నేను కాస్త ఉత్సాహపడ్డాను గానీ, కబురు పంపింది ట్రాన్స్‌ఫార్మరట. పటేల్‌గూడ అవతల వాడు పనిచేసే ఫ్యాక్టరీలో నిలబడి ఉన్న ఆ పెద్ద యంత్రం, తన నూనె ఎంత వేడెక్కిందో, అందులో ఎంత చెమ్మ చేరిందో తానే కనిపెట్టుకుని వీడి ఫోనుకు చెప్పుకుంటుందట. "మంచిగనే ఉన్నది తాతా, పరేషాన్ లేదు" అని వాడు పప్పు వడ్డించుకున్నాడు. నాకు మాత్రం ముద్ద గొంతు దిగలేదు, నవ్వొచ్చి.

మా కాలంలో ట్రాన్స్‌ఫార్మర్‌కి నోరు లేదు. దాని బాగోగులు తెలియాలంటే మనిషే దాని దగ్గరికి నడవాలి. డెబ్బైలలో, పటాన్‌చెరు చుట్టూ జొన్న చేలలో ఒక్కొక్కటిగా ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్న రోజుల్లో, అక్కడి ఒక సబ్‌స్టేషన్‌లో నేను కొత్త ఆపరేటర్ని. గంటకోసారి చుట్టూ తిరిగి, వేడి చూపే ముల్లు చూసి, నూనె మట్టం చూసి, రొద మారిందేమోనని చెవి ఒగ్గి, చివరికి బ్రీదర్ ముందు నిలబడేవాణ్ణి. బ్రీదర్ అంటే పక్కన వేలాడే గాజు సీసా. నూనె వేడెక్కి పొంగినప్పుడు గాలి బయటికి పోతుంది, చల్లబడి తగ్గినప్పుడు లోపలికి వస్తుంది. అలా వచ్చే గాలిలోని తడిని పీల్చుకోవడానికి ఆ సీసాలో సిలికా జెల్ గింజలు పోసి ఉంచేవారు. పొడిగా ఉంటే నీలం, తడి తాగితే గులాబీ. నా ఈడు కుర్రాళ్లంతా గులాబీ రంగు చూసి మురిసిపోతుంటే, నేనొక్కణ్ణే ఆ రంగు చూసి బెదిరిపోయేవాణ్ణి.

బెదరడానికి కారణం ఉంది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మాది సంగారెడ్డి బజారులో పుట్నాల దుకాణం. ముందు తక్కెడ, వెనక భట్టి. వేడి ఇసుకలో శనగలు వేయించే బతుకు నామోషీ అనిపించి, చదివిన నాలుగు ముక్కలు పట్టుకుని కరెంటు కొలువుకు పారిపోయాను. "పర్మినెంటు కాకుంటే సక్కగ వచ్చి భట్టి ముందట కూసో" అని నాన్న ముందే చెప్పి పెట్టాడు. నన్ను ఉంచడమో పంపడమో తేల్చే పెద్ద సారు ఒక వానాకాలపు సోమవారం తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. సరిగ్గా దానికి ముందు శనివారానికి ముసురు పట్టి, సీసాలో గింజలు అడుగు నుంచి పైదాకా గులాబీ తిరిగి కూర్చున్నాయి.

స్టోర్సులో కొత్త సరుకు లేదు. నాతో డ్యూటీ చేసే ఒక పెద్దాయన ఉండేవాడు, హత్నూర వైపు రైతు. కాకా అని పిలిచేవాణ్ణి. సీసాను ఖాళీగా ఉంచకూడదు గనక, ఆయన బీరువాలోంచి పాత గులాబీ గింజల డబ్బా తీసి, వీటిని వేయిస్తే తడి పోయి మళ్లీ నీలం తిరుగుతాయని చెప్పాడు. "సన్నమంట మీద పెట్టురా, జల్దీ చేస్తివా మాడుతయ్" అని కూడా చెప్పాడు. భట్టి ఇంట పుట్టినవాడికి వేయించడం నేర్పుతాడా ఈయన అని లోలోపల నవ్వుకుని, సగం గింజలు మూకుట్లో పోసి కిరసనాయిలు స్టవ్వు మంట పూర్తిగా పెంచాను. అవి చిటపటలాడి, పగిలి, నీలాన్ని పలకరించకుండానే నల్లబడ్డాయి. గింజలూ మాడాయి, నా మొహమూ మాడింది. భట్టి ముందు ఒక్కరోజు కుదురుగా కూర్చోనివాడికి పుట్టుక ఒక్కటే ఏం నేర్పుతుంది?

మిగిలిన సగం డబ్బా చంకలో పెట్టుకుని ఇల్లు చేరాను. ఆదివారం పొద్దున సంగతి విని నాన్న తక్కెడ వదిలేసి మరీ నవ్వాడు.

"పుట్నాలు ఏంచుడు నామోషీ అంటివి. ఇప్పుడు సర్కారు గింజలు ఏంచవడితివి. అవ్విటిని గూడ మాడవెడితివి!"

అమ్మ నవ్వలేదు. రెండు గింజలు అరచేతిలో వేసుకుని వేలితో దొర్లించి చూసింది.

"గంత పెద్ద మిషన్ ఊపిరి వీటి మీద ఉన్నదారా?"

"నా కొలువు గూడ వీటి మీదనే ఉన్నదమ్మా."

"మరి మంట మీదెందుకు పెట్టినవ్ బిడ్డా? మంట తొందరపెడ్తది. ఇసుకయితే బుజ్జగిస్తది."

శనగలు దించేసిన భట్టిలో ఇసుక ఇంకా వేడిగానే ఉంది. దాని మీద పాత ఇనుప పళ్లెం ఉంచి, గింజలు పరిచి, కట్టె గరిటెతో మెల్లగా కదుపుతూ కూర్చుంది. చాలాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత ఒక అంచున ఊదా రంగు, ఊదాలోంచి నీలం, చూస్తుండగానే పళ్లెమంతా శంఖుపూలు పోసినట్టయింది. నాన్న నవ్వు ఆపేసి ఇంకో పుల్ల భట్టిలోకి తోశాడు. ఆ పళ్లెం మళ్లీ తిండికి తగలకూడదని అమ్మ దాన్ని పెరటి గోడకు వేలాడదీసింది.

సోమవారం పొద్దున్నే సీసాలోని గులాబీ గింజలు తీసేసి వీటిని పోస్తే సగానికే వచ్చాయి. సారు వచ్చి, అంతా చూసి, సీసా ముందు ఆగాడు.

"సగమే ఉందేమయ్యా?"

వెనక నుంచి కాకా దగ్గాడు. స్టోర్సు వాళ్లు ఇచ్చిందే అంత అని చెప్పమని ఆ దగ్గుకు అర్థం. నాకు అబద్ధం తెలియక కాదు, టైముకు అందలేదు. స్టవ్వు, మాడిన మూకుడు, ఇసుక, అమ్మ, అన్నీ వరసగా చెప్పేశాను. సారు మాడిన గింజలు తెప్పించుకుని చూసి, జీపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి "ఆ భట్టి ఎక్కడుంది?" అని అడిగాడు. నన్ను అక్కడికే పంపుతాడని తేల్చుకుని, దారి గుర్తులతో సహా చెప్పాను.

కొన్నాళ్లకు ఉత్తర్వు వచ్చింది, ఖాయమైంది. అదే వారం సారు జీపు మా దుకాణం ముందు ఆగి, చుట్టుపక్కల సబ్‌స్టేషన్ల గులాబీ గింజల డబ్బాలన్నీ వేయించమని దించిపోయింది. "మా వోడు కరెంటు చూస్తడు, కరెంటును మేము చూస్తం" అని నాన్న వచ్చిన ప్రతి బేరగాడికీ చెప్పుకున్నాడు.

తర్వాత ఆఫీసుకు గింజలు ఆరబెట్టే వేడిపెట్టెలు వచ్చి డబ్బాలు రావడం ఆగిపోయింది గానీ, వాన పడిన ప్రతి రోజూ నేను చెప్పులు విప్పకముందే అమ్మ అడిగేది, "ఇయ్యాల ఏ రంగున్నయ్ రా?" అని. నీలమంటే చాలు, వెళ్లి అన్నం వడ్డించేది. ఇంతా చేసి ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని ఆమె ఒక్కసారీ చూడలేదు. సంగారెడ్డికి పటాన్‌చెరు ఎంత దూరమని! తీసుకుపోవాలని నాకు తోచలేదు, చూపించమని ఆమె అడగలేదు.

ఇప్పుడు యంత్రం సంగతి యంత్రమే చెబుతుంది, మాకన్నా ముందుగా, మాకన్నా సరిగ్గా. మంచిదే, మా కళ్లూ చెవులూ ఎంత నమ్మదగినవో నాకు తెలియనిదా! కాకపోతే, ముసురు పట్టిన సాయంత్రం దాని ఊపిరి ఎలా ఉందోనని కనుక్కునే మనిషి ఇప్పుడు ఏ వంటింట్లోనూ లేదు. కనుక్కోవలసిన పని కూడా లేదు.