జెండాకు తొడుగు వేసిన రోజు

మొన్న మంగలి షాపులో నా వంతు కోసం కూర్చుని ఉంటే, టీవీలో ఒక చిన్న దేశపు మంత్రి ఒక పెద్ద దేశపు మంత్రి చెయ్యి రెండు చేతులా పట్టుకుని, మాది అన్నదమ్ముల బంధమంటూ పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. నేను గడ్డం గీయించుకోకుండానే లేచి వచ్చేశాను. గల్ఫ్ ఎండ తిన్న నా ఈడు వాళ్లకైనా అర్థమవుతుందని ఇది రాస్తున్నాను.

ఆ చిన్న దేశం పేరు చెప్పను. మా జిల్లాలో సగం కూడా ఉండదు. జెద్దాలో దాని కాన్సులేట్‌కు నేను మూడేళ్లు కారు నడిపాను. అంతకుముందు ఏసీలు బాగుచేసే కంపెనీలో ఉండేవాణ్ని. నితాఖత్ చట్టం వచ్చి, సౌదీలను సరిపడా పెట్టుకోని కంపెనీలు ఎరుపు జాబితాలో పడ్డప్పుడు మాదీ పడింది, అక్కడ ఉండనిచ్చే అకామా కార్డు రెన్యువల్ ఆగింది. కాన్సులేట్‌లో చాయ్ కాచే మా మేనబావ పుణ్యమా అని, మనుషులను సప్లై చేసే ఒక కంపెనీ అకామా మీద ఆ డ్రైవర్ పనిలో చేరాను. బానెట్ మీద జెండా రెపరెపలాడే కారు నడుపుతున్నానని ఇంటికి ఫోన్ చేసి ఎంత గొప్పలు పోయానో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఒకరోజు ఆ దేశపు ఆడమనిషే, ఒక ఇంట్లో పనిచేసేది, కాలికి చెప్పులు లేకుండా పరుగెత్తుకుంటూ గేటు లోపలికి వచ్చింది. మణికట్టు మీద ఇస్త్రీపెట్టె వాత ఉంది. పాస్‌పోర్టు ఆమెను పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్ దగ్గరే ఉండిపోయిందట. ఫైళ్ల గదిలో పడుకుంటూ, పగలు కొబ్బరిపాలతో చేపల పులుసు వండి మా ఇద్దరికీ పెట్టేది. నన్ను భాయ్ అనేది. పదకొండు రోజులు అలా గడిచాయి.

అంతలో వాళ్ల మంత్రి వస్తున్నాడన్నారు. ఓడరేవు కట్టుకోవడానికి సాయం అడగడానికట. ఆ సాయం ఇప్పించే పెద్దమనుషుల్లో ఒకరికి ఈమె కఫీల్ దగ్గరి చుట్టమని తెలియగానే కాన్సులేట్ అధికారి నన్ను పిలిచి, ఆమెను ఆ ఇంట్లోనే దింపి రమ్మన్నాడు. వాత సంగతి గుర్తుచేస్తే కళ్లద్దాలు తుడుచుకుంటూ, "చిన్న దేశానికి కోపం తెచ్చుకునే స్తోమత ఉండదు" అన్నాడు. పోతూ పోతూ జెండాకు తొడుగు వేయమని కూడా చెప్పాడు.

మా బావ నా చేతిలో తాళాలు పెడుతూ, "మనకెందుకు బామ్మర్ది ఈ లొల్లి? అకామా మన చేతుల లేదు. సప్పుడు జేయకుండ నడుపు," అన్నాడు.

నడిపాను. ఇంటికి పంపిస్తున్నారనుకుని ఆమె కొత్త చున్నీ కప్పుకుని ఎక్కింది. ఎయిర్‌పోర్టు మలుపు దాటాక ముందుకు వంగి, "భాయ్, దారి అటు కదా?" అంది. నేను అద్దంలోకి చూడలేదు. ఆ ఇంటి ముందు దిగేటప్పుడు ఏడవలేదు, తిట్టలేదు. ఎవరో తెలియనివాణ్ని చూసినట్టు నన్ను చూసి లోపలికి వెళ్లింది. ఆ మధ్యాహ్నమే మంత్రి కోసం కారు కడిగాను.

వారం తర్వాత ఉండబట్టలేక వెళ్లి గంట కొడితే, ఆమెను ఎక్కడో దూరాన బురైదా ఊళ్లో చుట్టాల ఇంటికి పంపేశామన్నాడు కాపలావాడు. ఆ తర్వాత ఏ కబురూ లేదు. మరుసటి ఏడు పరాయి దేశపు పనివాళ్ల మీద సర్కారు వేసే లెవీలు పెరిగి, నా మీద కట్టడం దండగనుకుని కంపెనీ నన్ను ఇంటికి పంపేసింది. అది కంపెనీ వ్యవహారం, మేం కలగజేసుకోమన్నాడు అదే అధికారి, అదే గొంతుతో.

వాళ్లను అసహ్యించుకోవడం తేలికే. కానీ నేను కొత్తగా వెళ్లిన రోజుల్లో, కఫీల్ నుంచి పారిపోయిన మనిషి మా గది తలుపు తడితే, బెంగాలీయా, పాకిస్తానీయా అని కూడా అడగకుండా చాప పరిచి, ముందు అన్నం తిన్నావా అనేవాళ్లం. నితాఖత్ భయం పట్టుకున్నాక మా నోట ఆ మాట మారిపోయింది. చెప్పుల్లేకుండా గేటు దాటి వచ్చిన ఆ మనిషిని నేను అడిగిన మొదటి మాట, అకామా ఉందా అని.