మా చర్చి రాయి మీద మునసబు పేరు

ఈ రోజు మా మాలపేట చర్చికి బొబ్బిలి నుంచి శిలాఫలకం వచ్చింది. కూడబలుక్కుని చదివాను. ‘మునసబుగారి ధర్మంతో కట్టబడినది’ అని ఉంది. ఒళ్లు మండింది.

పూటపూటా ఎసట్లో పోసే ముందు మా ఆడవాళ్లు తలా గుప్పెడు బియ్యం తీసి ముంతలో వేసేవారు. ఆ బియ్యం అమ్మి తెచ్చిన పెంకులే చర్చి మీద ఉన్నాయి. గోడల కోసం గెడ్డలో ఇసుక తీస్తుంటే మా తట్టలు లాక్కున్నది ఈ మునసబే.

పాస్టరుగారిని అడిగాను. “ఏటి బాబూ, మునసబు మనకేటిచ్చినాడు?”

“రేపు చర్చి తెరిచే సభకి పెద్దగా వచ్చీది ఆయనే తాతా. గుప్పెడు బియ్యం అని సెక్కితే నవ్వుతారు.”

“నవ్వనీ. మా ఇంటిది పస్తుండి ఏసిన బియ్యం అది.”

ఆయన మాట మార్చి, సంఘంలో పెద్దవాణ్ణి కాబట్టి మునసబు మెడలో దండ నన్నే వేయమన్నారు. “నానెయ్యను” అని వచ్చేశాను. నలుగురిలో నోరు విప్పని మనిషిని, ఆ మాట ఎలా అన్నానో!

ఇంటికొచ్చి చెబితే మా ముసల్ది పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అంది: “రాయి ఆయన్నే ఉంచుకోమను. మా పెంకులు మాకు దించీమను.”

నాకు అదే న్యాయమనిపించింది. మీరేమంటారు?