చుక్కానికి చుట్టిన చీర

పడవ సందులకి పూసే గుగ్గిలం కాగే వాసనకి నాకిప్పటికీ ధవళేశ్వరం కాలువ గుర్తొస్తుంది. నాన్న గట్టు మీద తాడుతో పడవ లాగుతుంటే, లోపల చుక్కాని పట్టేది అమ్మే. ఆమె పోయి నెలమాసికం కాకముందే చుక్కాని కర్ర గూట్లో వదులై ఊగడం మొదలెట్టింది. నాన్న అమ్మ చీర చింపి, పేలికలు గుగ్గిలంలో ముంచి కర్రకి చుట్టాడు.

“పోయినవాళ్ల బట్టలు చాకలికి ఇచ్చెయ్యాలిరా,” అంది నానమ్మ.

“వదులు పోవాలి కదమ్మా,” అన్నాడు నాన్న.

అమ్మ గుర్తుగా ఉన్న ఒక్క చీరా పాడుచేశాడని నేను చాన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు. పెద్దయ్యాక పడవ అమ్మేస్తూ అడుగు చెక్కలు ఎత్తాను. వదులు బిగించడానికని అమ్మ ఉన్నప్పుడే నాన్న దాచిన తెరచాప గుడ్డలు అక్కడే ఉన్నాయి, మూట విప్పకుండా.