రాయి పక్కన మనిషి

మా సోషల్ మేడమ్ పోయిన సోమవారం పొద్దున చనిపోయారు. గుండెపోటు. నరసరావుపేటలో ఆమె దగ్గర చదువుకున్న మా వాట్సాప్ గ్రూపంతా చేతులు జోడించిన బొమ్మలతో నిండిపోయింది. ఆత్మకు శాంతి కలగాలట! రిటైరయ్యాక కూడా ఒక్క ఆదివారం ఇంటిపట్టున ఉండని మనిషికి శాంతి ఎందుకు? ఆమె పట్టిన పని ఆగకూడదని కోరుకోండి, చాలు.

ఆ పని ఏమిటో చెబుతాను. కృష్ణ ఒడ్డున పాత కోట ఉన్న ఊరొకటి ఉంది. పేరు రాయను. రాస్తే అక్కడి ఆడవాళ్ళ మీదికి పోయేవాళ్ళున్నారు. ఎన్నో వరదలకు నిలిచిన ఆ కోటగోడ, రాయి వెంట రాయి ట్రాక్టరెక్కి, ఊరిపెద్ద ఒకాయన ప్రహరీలోకి పోతోంది. అడిగేవాడు లేడు. నేనే అడుగుదామని కరపత్రం అచ్చు వేయించాను. మేడమ్ అది ఆసాంతం చదివారు.

"బాగా రాశావురా. కోట ఉంది, కోపం ఉంది. ఊళ్ళోవాళ్ళు ఏరి ఇందులో?"

నాకు ఒళ్ళు మండింది. "ఆదివారం నాతో రా, మండుదువుగాని" అన్నారు.

పిడుగురాళ్లలో బస్సు మారి, ఆ ఊళ్ళో ఆటో దిగేసరికి ఎండ ముదిరింది. ఆమె సంచిలో కెమెరా, మజ్జిగ సీసా, తడిపిన తువ్వాలు. కూలిన చోటు ఫోటో తీసి పత్రికలకు పంపుదామన్నాను. ఆమె అటు చూడనైనా లేదు. గడ్డిమోపుతో వస్తున్న ఒక అవ్వను ఆపి, ముందు పేరు అడిగారు. పేరు అడగకుండా ఎవరికీ ఫోటో తీసేవారు కాదు.

"నా మొహానికి ఫోటో ఏందమ్మా? నా పెళ్ళికే తియ్యలా."

"అందుకే ఇప్పుడు తీస్తా. ఈ రాయి పక్కన నిలబడు."

"వంగినట్టు తియ్యమాక, మా కోడలు నవ్వుద్ది."

సాయంత్రందాకా అదే పని. ఒక్కో రాయి పక్కన ఒక్కో మనిషి. ఊరిపెద్ద బండి మీద వచ్చి ఆగాడు.

"ఏందమ్మా, రాళ్ళకి ఫోటోలేంది? గవర్నమెంటోళ్ళా?"

"కాదయ్యా, సోషల్ టీచర్ని. నువ్వూ నిలబడు, తీస్తా. ఏ రాయి కావాలో చెప్పు."

ఆయన మొహం తిప్పుకొని బండి తోలుకుపోయాడు. నేను అరవబోతే మేడమ్ నా చేతిలో మజ్జిగ సీసా పెట్టారు. "అరిచి బస్సెక్కి పోతాం మనం. రేపు పొద్దున ఇక్కడుండేది వీళ్ళురా."

తర్వాతి ఆదివారం ఆ ఫోటోలన్నీ కడిగించి, ఫ్రేములు కట్టించి, ఇల్లిల్లూ తిరిగి ఇచ్చాం. ఇళ్ళల్లో గోడలకెక్కాయి. ఆ తర్వాత ట్రాక్టరు వస్తే గడ్డిమోపు అవ్వే అడ్డం పోయిందట: "ఆ రాయి జోలికి రామాకండి. అది నా ఫోటోలోది." నా కరపత్రం చేయలేని పని అది. చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు, గర్వంగా ఉంది.

మేడమ్ పోయిన మూడోరోజు అవ్వ కోడలు ఫోన్ చేసింది. "టీచరమ్మ లేదని తెలిసి ట్రాక్టరు తెచ్చారయ్యా. నువ్వు రా."

వెళ్ళాను. కోటగోడ పొడవునా ఆడవాళ్ళు. ఎవరి ఫ్రేము వాళ్ళు ఇంటి గోడ మీంచి తీసుకొచ్చి, తమ తమ రాళ్ళకు ఆనించి పెట్టి, పక్కనే నిలబడ్డారు. మొన్న కార్తీకంలో పోయిన ఒక ముసలమ్మది దండతో సహా తెచ్చారు.

"ఫోటోలు పక్కకి తియ్యండే, పనుంది" అంటున్నాడు ఊరిపెద్ద.

"మీరే తొక్కించుకుంటా పోండి, చూద్దాం" అంది అవ్వ.

"ఆ టీచరమ్మ పోయిందిగా. ఇంకెవరు తీస్తారే మీకు ఫోటోలు?"

"తీసినయ్యి చాలు."

డ్రైవరు ఇంజను ఆపలేదు, ముందుకూ కదలలేదు. ఆ అదురుకు ఫ్రేముల అద్దాలు సన్నగా మోగుతున్నాయి, ఈ చివర నుంచి ఏటి ఒడ్డుదాకా.