సన్మాన సభలో కుండపెంకులు

ఈ రోజు మధ్యాహ్నం మేముంటున్న ట్రుగనీనాలో మన తెలుగు సంఘం వాళ్లు ప్రాచీన గ్రీసు పురావస్తు అధ్యయన సంస్థకు సన్మానం చేశారు. మా మనవరాలు శ్రావ్య యూనివర్సిటీలో చదువుతూ ఆ సంస్థలోనే తవ్వకాల పని నేర్చుకుంటోంది. సభలో చూపించడానికి వేల ఏళ్ల నాటి గ్రీకు కుండపెంకులను ట్రేలో పదిలంగా తెచ్చి వేదిక మీద బల్లపై పెట్టింది. వాటి గురించి తెలుగులో నాలుగు మాటలు చెప్పాలని వారమంతా నా ముందు సాధన చేసింది.

భోజనాలయ్యాక ఆమె వంతు వచ్చేసరికి ట్రే లేదు. వెతికితే చెత్తడబ్బా పక్కన కనబడింది. పెంకుల మీద బిర్యానీ మసాలా, నమిలి పారేసిన ఎముకలు!

సంఘం కార్యదర్శిని నిలదీశాను.

“శుభమా అని సన్మానం చేస్తుంటే స్టేజీ మీద పగిలిన కుండలేంటాంటీ? చావింట్లో లాగా! నేనే తీయించేశా.”

“నాయనా, వాళ్లు చేసేదే పగిలిన కుండల పని. డాక్టర్ని సన్మానానికి పిలిచి రోగుల మాట ఎత్తొద్దంటావా?”

“భలే జోకులేస్తారాంటీ మీరు!” అంటూ ఫొటోకి పరిగెత్తాడు.

ఇంతలో సంస్థ డైరెక్టరమ్మ, కప్పిన శాలువాతోనే వచ్చి, ఏమైందని అడిగింది. శ్రావ్య తల వంచుకుని, “సారీ, నేనే మర్చిపోయి ఇక్కడ పెట్టాను” అని ఇంగ్లీషులో చెప్పింది.

కారెక్కాక నాతో, “అమ్మమ్మా, ప్లీజ్, డోంట్ పోస్ట్ దిస్” అంది.

మనందరి పరువు కోసం ఆ పిల్ల చేయని తప్పు నెత్తిన వేసుకుంది. నాకంత మంచితనం లేదు, పోస్టు పెట్టేశాను. మీరేమంటారు?