ఓడలొచ్చిన వరసలో బొమ్మల కథ

మా అక్కంటే నాకు కుళ్ళు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు అరవయ్యేళ్ళు పట్టింది కాబట్టి ముందే రాసేస్తున్నాను. అక్క చెడ్డదైతే నాకు ఇంత ఇబ్బంది ఉండేది కాదు. చెడ్డవాళ్ళ మీద ఏడిస్తే లోకం అర్థం చేసుకుంటుంది. మా అక్క మంచిది. చుట్టుపక్కల అందరూ అదే మాట అంటారు, అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మేం పుట్టింది పోర్ట్ బ్లెయిర్‌లో, డిగ్నాబాద్ వాడలో. స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళకి నాన్న శ్రీకాకుళం వైపు నుంచి పని వెతుక్కుంటూ ఓడెక్కి వచ్చాడు. చాతం రేవు నుంచి అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌కి జనాన్ని దాటించే ఫెర్రీలో లస్కరుగా చేరాడు. తాళ్ళు కట్టడం, విప్పడం, జనాన్ని చెయ్యి పట్టి దించడం ఆయన పని. తర్వాత సరంగు అయ్యాడు, ఫెర్రీని తనే నడిపాడు. నీళ్ళ మీద అన్నీ తెలిసిన మనిషే గాని అక్షరం ముక్క రాదు. అమ్మ మాత్రం బైబిలు కూడబలుక్కుని చదివేది.

మాకు బడి ఈడు వచ్చేసరికి అమ్మా నాన్నా కూర్చుని అక్కని తెలుగు మీడియంలో, నన్ను హిందీ మీడియంలో వెయ్యాలని తేల్చారు. "ఒకర్తి బైబిలు సదవాల, ఒకర్తి దరకాస్తులు రాయాల" అన్నాడు నాన్న. మా వాడలో ఇంకో రెండు తెలుగు ఇళ్ళలోనూ ఇలాగే చేశారు. పొలాలూ తోటలూ లేనివాళ్ళు, పిల్లలకి పంచడానికి వాళ్ళ దగ్గర భాషలే ఉన్నాయి. నా వాటాకి దరఖాస్తులు వచ్చాయి. ఆ దరఖాస్తులే తర్వాత నాకు గవర్నమెంటు ఉద్యోగం తెచ్చిపెట్టాయి, కాదనను. కానీ అప్పటికి నాకు ఏడేళ్ళు. ఏడేళ్ళ పిల్లకి ఉద్యోగం ఎందుకు?

విశాఖపట్నంలో ఉన్న మా మేనమామ పిల్లల మాసపత్రికలు చదివేశాక కట్ట కట్టి, ఓడలో వచ్చే తెలిసినవాళ్ళ చేతికిచ్చి పంపేవాడు. అందులో ఒక బొమ్మల కథ సీరియల్‌గా వచ్చేది. ఒక రాకుమారుడు, అతన్ని సముద్రాలు దాటించే ముసలి సరంగు. సరంగుకి చెవికి పోగు, మూతి నిండా మీసం. మా నాన్నకి ఆ సరంగంటే ప్రాణం. రాకుమారుడు ఏమైపోయినా ఆయనకి పట్టేది కాదు.

కట్ట వచ్చిన రోజు నాన్న పత్రికల్లోంచి ఆ బొమ్మల పేజీలు జాగ్రత్తగా కత్తిరించి, దబ్బనంతో, తాళ్ళ నుంచి తీసిన సన్నని పురితో పుస్తకంలా కుట్టేవాడు. చాతం రంపపు మిల్లులో పనిచేసే స్నేహితుడు ఇచ్చిన పడాక్ అనే ఎర్రటి గట్టి చెక్క పలకలు రెండు దానికి అట్టలు. ప్రతి కట్టకీ కుట్టు విప్పి, కొత్త పేజీలు వెనక చేర్చి, మళ్ళీ కుట్టడమే. అంత లావు పుస్తకం మా వాడలో బైబిలు తర్వాత అదొక్కటే.

సాయంత్రం డ్యూటీ దిగొచ్చి, స్నానం చేసి, నాన్న వసారాలో కూర్చునేవాడు. అక్క పక్కన చేరి పుస్తకం ఒళ్ళో పెట్టుకునేది. అది చదువుతుంటే నాన్న తొడ చరుచుకుని నవ్వేవాడు. సరంగు ఏదైనా గట్టి మాటంటే "అరే వాహ్! అదీ మాట!" అని ఆకాశంకేసి చూసేవాడు. నేను గుమ్మంలో నిలబడి వినేదాన్ని. బొమ్మలు కనిపిస్తాయి, మాటల బుడగలు కనిపిస్తాయి, ఆ బుడగల్లో ఏముందో అక్క చెప్తేనే తెలుస్తుంది. కళ్ళలో నిప్పులు పోసుకోవడం అంటారు చూడండి, అది నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

ఒకరోజు నేనూ నా హిందీ వాచకం తెచ్చి ఆయన ముందు నిలబడి గొంతెత్తి చదివాను. గాంధీగారి పాఠం. నాన్న సగం దాకా విని, "శాబాష్, బాగా సదువుతున్నావు" అని, కళ్ళు మూసుకున్నాడు. గురక వినపడే దాకా చదివాను.

ఇక అసలు సంగతి. ఆ కథలో ఒకచోట తుపానులో సరంగు సముద్రంలో మునిగిపోతాడు. తలపాగా ఒక్కటే నీటి మీద తేలుతూ ఉంటుంది. రాకుమారుడు ఓడ అంచున కూలబడి ఏడుస్తాడు. ఆ కట్ట వచ్చిన రోజు నాన్న అన్నం తినలేదు. మూడు నెలల తర్వాత ఇంకో కట్ట వచ్చింది. నాన్న కుట్టాడు, అక్క పేజీ తిప్పింది. అదే సరంగు, అదే పోగు, చుక్కాని దగ్గర నిలబడి పకపకా నవ్వుతున్నాడు!

"ఏటే, ఎలగొచ్చీసినాడు?" అని నాన్న లేచి కూర్చున్నాడు.

అక్క కళ్ళు ఒకసారి పేజీ పై అంచుకి వెళ్ళి వచ్చాయి. తర్వాత చదివింది. సరంగు లంగరు తాడు పట్టుకుని అడుక్కి దిగాడట, ఊపిరి బిగబట్టి ఇసుకలో నడిచి అవతలి ఒడ్డున తేలాడట, తలపాగా మాత్రం నీళ్ళకి దానం ఇచ్చాడట. నాన్న ఎంత నవ్వాడంటే పక్కింటివాళ్ళు తొంగి చూశారు. "పక్కా సరంగు! నీల్లు మనోడ్ని ఏటి సేస్తాయి!"

నాకు అనుమానం వచ్చింది. ఆ బొమ్మల్లో తాడూ లేదు, ఇసుకా లేదు. "అక్క కల్పించి చెప్తోంది, ఝూట్!" అని అరిచాను. నాన్న నా నెత్తిన చిన్న మొట్టికాయ వేశాడు. "నీకు ఒక్క అచ్చరం రాదు, దాని సదువుకి వొంకలెడతావా?" అన్నాడు. అక్క నా వైపు జాలిగా చూసింది. మొట్టికాయ ఎప్పుడో మర్చిపోయాను, ఆ చూపు మర్చిపోలేదు.

అక్కకి ఊరవతల తుష్నాబాద్ పల్లెలో సంబంధం కుదిరి, పెళ్ళై వెళ్తున్నప్పుడు నాన్న ఆ పుస్తకం దాని పెట్టెలో పెట్టాడు. "సదివేది అదే గదా" అన్నాడు నాతో. నిజమే. తుష్నాబాద్‌లో రెండు వానాకాలాలు గడిచేసరికి చెక్క అట్టలు తప్ప కాగితమంతా చెదలు తినేశాయి. అక్క ఏడుస్తూ వచ్చి చెప్పింది. నేను దాని వీపు నిమిరాను. లోపల మాత్రం, ఎవరితోనూ అనకండి, చెదలకి దండం పెట్టుకున్నాను.

అమ్మ పోయాక నాన్న నా దగ్గరే ఉన్నాడు. మందులు నేనే వేస్తాను, గోళ్ళు నేనే తీస్తాను, చేపలో ముళ్ళు నేనే ఏరతాను. ఆయన మాత్రం శనివారం నుంచే అడుగుతాడు, "రేపు పెద్దది వస్తాదా?" అని. ఆదివారం చర్చి నుంచి అక్క వస్తుంది, అరటిగెలో కొబ్బరికాయలో తెస్తుంది, గంట కూర్చుంటుంది, నాన్న మొహం దీపంలా వెలుగుతుంది. ఆరు రోజుల చాకిరీ నాది, ఏడో రోజు పండగ దానిది.

నేను రిటైరయ్యే ఏడు, ఆఫీసులో నా పక్క సీట్లో కుర్రాడు ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. పాత పిల్లల పత్రికల్లో వచ్చిన బొమ్మల కథల్ని ఎవరో ఏరి, శుభ్రం చేసి, సంపుటాలుగా మళ్ళీ అచ్చు వేస్తున్నారట. అట్ట మీద చెవిపోగు, మూతి నిండా మీసం. అతని చేతిలోంచి ఫోను లాక్కుని చూశాను. "విశాఖ వెళ్తున్నావు కదా భయ్యా, ఎలాగైనా ఇది పట్రా" అని బతిమాలాను. తెచ్చాడు. గట్టి అట్ట, నున్నటి కాగితం, చెరగని రంగులు. ఒక్క పేజీ తప్పిపోలేదు. ఇప్పుడు ఆ కథ మొత్తం నాది. అక్క దగ్గర లేదు.

ఒకటే లోపం, నాకు తెలుగు చదవడం రాదు. అక్కని అడిగే ప్రశ్నే లేదు. చివరికి చర్చి పాటల పుస్తకం పట్టుకున్నాను. పాటలు చిన్నప్పటి నుంచి నోటికి వచ్చు. పాడుకుంటూ ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి, ఇది 'ప', ఇది 'ర' అని పోల్చుకున్నాను. దేవుడు క్షమించాలి, భక్తితో కాదు, అసూయతో. ఒక వానాకాలమంతా పట్టింది. ఒత్తులు నన్ను ఏడిపించాయి. కానీ వచ్చింది.

పుస్తకం చదివాను. చదువుతుంటే విషయం బయటపడింది. ప్రతి భాగం పైన అంకె ఉంది. సరంగు నవ్వుతూ ఉన్న భాగాలు ముందు, మునిగిపోయే భాగం తర్వాత. మునిగినవాడు మునిగినట్టే, ఆపైన కథలో మళ్ళీ లేడు. మామయ్య పంపిన కట్టల్లో ముందుది ఏ ఓడలో చిక్కుకుందో, వెనకది ముందొచ్చింది, ముందుది మూడు నెలలు ఆలస్యంగా దిగింది. నాన్న అంకెలు చూడలేదు. ఓడలు ఏ వరసలో వస్తే ఆ వరసలో కుట్టాడు. తాడూ ఇసుకా అక్క సొంత సరుకు! నేను వంటింట్లో ఒక్కదాన్నే నవ్వాను. యాభై ఏళ్ళ మొట్టికాయకి జవాబు దొరికింది.

ఆదివారం దాకా ఆగాను. అక్క ఉండగా, నాన్న ముందు పుస్తకం తెరిచాను. "నాన్నా, ఇవాళ నేను చదువుతాను." నాన్న నా మొహం, పుస్తకం మార్చి మార్చి చూశాడు. అక్క నోరు తెరుచుకుని, "అరే, నీకు తెలుగు ఎప్పుడొచ్చిందే!" అని చప్పట్లు కొట్టింది. దాని సంతోషం చూస్తే కూడా మంటే. తడుముకుంటూ చదివాను. నాన్న బొమ్మల మీద వేలు పెట్టి, చెవి నావైపు తిప్పి వింటున్నాడు. రెండుసార్లు నవ్వాడు కూడా. తుపాను వచ్చింది. తలపాగా తేలింది. నాన్న పేజీ తిప్పమని చెయ్యి ఊపాడు. తిప్పాను. ఇంకోటి తిప్పాను.

"సరంగు ఎప్పుడొస్తాడు?"

"రాడు నాన్నా. చచ్చిపోయాడు. అక్క అప్పుడు చెప్పిందంతా కల్పితం. అసలు కథ ఇది."

ఎంత స్పష్టంగా చెప్పానో! నాన్న అక్క వైపు చూశాడు. అక్క తల దించుకుని, "చెల్లి చదివిందే సరైనది నాన్నా" అంది. ఆయన చెయ్యి పుస్తకం మీద నుంచి తీసేసుకున్నాడు. "బస్, సాలు" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

వంటింట్లో అక్కని నిలదీశాను. "నీకు అప్పుడు తెలీదా? అంకెలు ఉన్నాయి కదా!"

"తెలుసే. మొదటి రోజే చూశాను" అంది.

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పనే? నాన్న తన చేత్తో కుట్టుకున్నాడు. ఎంత మురిసిపోయాడు! తప్పు కుట్టావని చెప్తే, ఇంకెప్పుడైనా దబ్బనం పట్టేవాడా?"

అప్పుడు దానికి పదేళ్ళు. పదేళ్ళ పిల్లకి అంత తెలివి ఎక్కడిది? ఉంటే ఉందిగాని, నాకెందుకు లేకపోయింది? గిన్నెలు తోముతూ కన్నీళ్ళు కార్చాను. అవి పశ్చాత్తాపంతో వచ్చాయని రాయాలని ఉంది, కానీ సగం ఏడుపు దాని మీద కుళ్ళుతోనే.

తర్వాత పది రోజులు నాన్న కథ ఊసెత్తలేదు. వసారాలో కూర్చుని రోడ్డు చూసేవాడు. పిలిస్తే పలికేవాడు, పెట్టింది తినేవాడు. పుస్తకం బల్ల మీద మెరుస్తూ పడి ఉంది. డబ్బిచ్చి తెచ్చుకుని, అక్షరం అక్షరం నేర్చుకుని, చివరికి ఆ ముసలాయన దగ్గర ఉన్న ఒక్క మనిషిని చంపేశాను కదా అనిపించింది.

పదకొండో రోజు సాయంత్రం, దీవుల్లో ఐదున్నరకే చీకటి పడుతుంది కదా, ఇంకా వెలుతురుండగానే పుస్తకం తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. "నాన్నా, ఆ రోజు నేను తప్పు చదివాను" అన్నాను. "అక్షరాలు కొత్త కదా. మళ్ళీ చదవనా?"

ఆయన రోడ్డు వైపే చూస్తున్నాడు. చదవడం మొదలుపెట్టాను. సరంగు నవ్వుతూ ఉన్న భాగాల దగ్గరికి రాగానే ఆ పేజీలన్నీ బొటనవేలితో పట్టి దాటేశాను. తుపాను వచ్చింది, తలపాగా తేలింది. అప్పుడు పుస్తకాన్ని వెనక్కి తిప్పి, దాటేసిన పేజీలు ఆయన ముందు తెరిచాను. చుక్కాని, పోగు, మీసం. అక్షరాల వంక చూడకుండానే నోరు విప్పాను. లంగరు తాడు వచ్చింది, ఇసుక వచ్చింది, తలపాగా దానం కూడా వచ్చింది. గుమ్మంలో నిలబడి విన్నది ఒక్క ముక్క మర్చిపోలేదని నాకే అప్పుడు తెలిసింది.

నాన్న తొడ చరుచుకున్నాడు. పళ్ళు లేని నోటితో గట్టిగా, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నా కోసం, నా పక్కన, నేను చదువుతుంటే. ఆ నవ్వు కోసమే కదా ఇంతా చేసింది. దగ్గు ఆగాక నా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు:

"ఇప్పుడు సదివినావే. అచ్చం పెద్దది సదివినట్టే ఉంది."

నేను పేజీ తిప్పాను. ఈ సంగతి అక్కకి ఇప్పటికీ చెప్పలేదు. చెబితే అది ఎంతో సంతోషిస్తుంది. అది సంతోషిస్తుంటే చూసే ఓపిక నాకింకా రాలేదు.