కిటికీ సీట్లో ఇండోనేషియా పాట

సెల్‌ఫోన్లలో వీడియోలు కొత్తగా వచ్చిన రోజులు. తిరుపతి నుంచి చెన్నై వెళ్లే రైల్లో నా కిటికీ సీటును నగరికి చెందిన ఒకావిడ ఆక్రమించింది. ఇప్పటికీ మరిచిపోలేదు. పైగా ఫోన్లో అర్థంకాని పాట, మళ్లీ మళ్లీ.

"ఆపమ్మా" అన్నాను.

"ఇండోనేషియా పాట సామీ. మా ఆయన ఆ దేశంలోనే బట్టల మిల్లులో మెకానిక్కు. పాడే ఆమె ముందర జనం ఆడాలంట, అదే ఆ ఊర్లో మర్యాదంట. ఈయన ఆడిన ఈడియో ఎవురో ఇంటర్నెట్లో పెట్టినారు. నెట్ సెంటర్లో ఫోన్లోకి ఎక్కిచ్చుకున్నా. మా ఊరి గంగజాతరలో కాలు కదపని మనిషి, సూడండి!"

ఫోన్ తెరమీద గుంపులో లుంగీ కట్టుకున్న ఒకాయన సిగ్గుపడుతూ చేతులూపి, క్షణంలో మాయమయ్యాడు.

"సిక్కిపోయినట్టుండాడా?" ఆమె గొంతు సన్నబడింది.

మళ్లీ పెట్టమన్నాను. "లేదమ్మా, నవ్వుతున్నాడు."

ఆమె నగరిలో దిగేదాకా ఇద్దరం చూశాం. కిటికీ సీటు మాత్రం అడగలేదు. అలాగని క్షమించనూ లేదు.